కొత్త నగరంలో ఒంటరిగా ఒక రోజు: పది చోట్లు వద్దు, ఒక్క పేట చాలు

ఉద్యోగం కోసం కొత్త నగరానికి వచ్చి రెండు నెలలైందని, ఆఫీసు, అద్దె గది, ఆ రెంటినీ కలిపే రైలు మార్గం తప్ప మరేమీ తెలియదని రాశారు. ఈ శనివారం ఒక్కరే బయలుదేరాలనుకుంటున్నారు. చూడదగిన చోట్లు పది రాసుకున్నారు. ఆ పదింటినీ ఒక్క రోజులో ఎలా అమర్చుకోవాలి, దారి తప్పితే ఏం చేయాలి, ఒంటరిగా తిరిగే మనిషిని చూసి నలుగురూ ఏమనుకుంటారు అన్నవి మీ మూడు ప్రశ్నలు.

మొదటిదానికి నా జవాబు: అమర్చవద్దు. ఆ జాబితాలో తొమ్మిదింటిని కొట్టేయండి. బదిలీల ఉద్యోగం వల్ల ఊరు మారినప్పుడల్లా తొలి సెలవు రోజున ఒంటరిగానే తిరగడం నాకు అలవాటు. ఆ అనుభవంతో చెబుతున్నాను, కొత్త నగరంలో మొదటి రోజు మీకు కావలసింది దారుల మీద పట్టు. అది వచ్చాక చూడవలసినవన్నీ తర్వాతి వారాల్లో వాటంతట అవే అందుతాయి.

లెక్క వేసి చూడండి. పది చోట్లంటే మధ్యలో తొమ్మిది ప్రయాణాలు. ఒక్కోదానికి అరగంట అనుకున్నా నాలుగున్నర గంటలు బండిలోనే పోతాయి. ఆ సమయమంతా సొరంగంలోనో, ఫోను తెర చూస్తూనో గడుస్తుంది. సాయంత్రానికి ఫొటోలు మిగులుతాయి గానీ, మూడో చోటు నుంచి ఏడో చోటు ఏ దిక్కున ఉందంటే చెప్పలేరు. అదే నాలుగున్నర గంటలు ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల మేర ఉన్న ఒక్క పేటలో నడిచారనుకోండి, వచ్చే నెల అక్కడికి ఫోను తీయకుండా వెళ్లగలరు. ఎవరైనా చుట్టం వస్తే వెంటబెట్టుకుని తిప్పగలరు. ఇంత పెద్ద నగరంలో మీకంటూ తెలిసిన మూల ఒకటి ఏర్పడుతుంది. మీ మాటలను బట్టి చూస్తే ఈ రెండు నెలలుగా మీకు కొరతగా ఉన్నది అదే.

నగరం మనిషి మనసులో ఎలా నిలుస్తుందన్న విషయం మీద అమెరికా పట్టణ ప్రణాళికా నిపుణుడు కెవిన్ లించ్ పనిచేశారు. బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ వాసులతో మాట్లాడి, తెలుసుకున్నది 1960లో ప్రచురించారు. జనం తమ నగరాన్ని ప్రధానంగా ఐదు ఆధారాలతో గుర్తు పెట్టుకుంటారని ఆయన తేల్చారు: రోజూ నడిచే దారులు, నదిలాగో రైలు పట్టాలలాగో అడ్డుగా నిలిచే అంచులు, తమదైన పోలిక ఉన్న పేటలు, దారులు కలిసే కూడళ్లు, దూరం నుంచి కనబడే కొండగుర్తులు. ఎక్కడ దిగినా నేను వెతికేవి ఇవే. ఒక పేటకు రెండు అంచులు, ఒక ప్రధాన దారి, ఒక కూడలి, ఎత్తయిన కట్టడం ఒకటి తెలిస్తే ఇక అక్కడ నిజంగా తప్పిపోవడం కష్టం. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది.

మరి ఏ పేట? ఇక్కడ కొంచెం ఆగాలి. శుక్రవారం సాయంత్రం ఒక అరగంట పటం ముందు కూర్చోండి. చోట్ల పేర్లు, రేటింగ్ చుక్కలు పట్టించుకోకుండా వీధుల గీతలు మాత్రమే చూడండి. నగరం తన వయసును ఆ గీతల్లోనే రాసి పెట్టుకుంటుంది. సన్నగా, వంకరటింకరగా, దగ్గర దగ్గరగా అల్లుకున్న వీధులుంటే అది చాలావరకు బండ్లు రాకముందు, మనుషుల నడకను బట్టి పెరిగిన భాగం. గళ్ల కాగితం మీద గీసినట్టుంటే ఎవరో ముందుగా కూర్చుని వేసిన ప్రణాళిక. జైపూర్‌ను 1727లో అలా నిటారు వీధులతో ప్రణాళిక ప్రకారమే కట్టారు. బార్సిలోనా పటం తీయండి: మధ్యయుగాల నాటి పాత పేట ఇరుకు సందులు ఒక పక్క, వాటిని ఆనుకునే 1859లో ఇంజినీరు ఇల్దెఫోన్స్ సెర్దా గీసిన చదరాలు మరో పక్క. ఆ చదరాల మూలలన్నీ ఏటవాలుగా కోసి ఉంటాయి. పైనుంచి చూస్తే రెండు కాలాలు ఎక్కడ కలుస్తాయో వేలు పెట్టి చూపించవచ్చు. న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌కు 1811లో గళ్ల ప్రణాళిక వేశారు. ఆ గళ్ల మధ్య నుంచి బ్రాడ్‌వే మాత్రం ఏటవాలుగా సాగిపోతుంది, ఎందుకంటే ఐరోపావాసులు రాకముందు స్థానిక జాతుల ప్రజలు నడిచిన పాత కాలిబాట ఆనవాలు అందులో ఉంది. గళ్లకు లొంగని వీధి ఏ నగరంలో కనబడినా నేను ముందు దాని మీదే నడుస్తాను. సాధారణంగా అది ఆ చుట్టుపక్కల అన్నింటికంటే పాతదై ఉంటుంది, దానికొక కారణమూ ఉంటుంది. పాత కాలువ కావచ్చు, కోటగోడ కూల్చిన చోటు కావచ్చు, పక్క ఊరికి వెళ్లే బాట కావచ్చు.

అందుకే నా సలహా: పాత భాగమూ కొత్త భాగమూ అతుక్కునే చోటు ఎంచుకోండి. రెండు రకాల నగరాలు పది నిమిషాల నడకలో దొరుకుతాయి. పూర్తిగా పాత పేటలోకి మొదటి రోజే దిగితే దిక్కు తెలియక విసుగు రావచ్చు, పూర్తిగా కొత్తదైతే అరగంటలో ఆసక్తి తగ్గవచ్చు. దీనికి తోడు మరికొన్ని చూసుకోండి. మీ గది నుంచి అక్కడికి బండి మారకుండా వెళ్లగలగాలి. ఎండకో వానకో తలదాచుకోవడానికి మ్యూజియం, గ్రంథాలయం వంటివి ఒకటుండాలి. కూర్చోవడానికి తోటో, నది గట్టో ఉండాలి. అవతలి చివరన ఇంకో స్టేషను ఉంటే మరీ మంచిది, వచ్చిన దారినే వెనక్కి నడవనవసరం లేదు. మీ పది చోట్లలో ఏది ఇలాంటి పేటలో పడితే అదే మీరు కొట్టేయకుండా ఉంచుకోవలసిన పదోది.

రైలు మార్గాల పటాన్ని నమ్మి దూరాలు అంచనా వేయవద్దు. లండన్ భూగర్భ రైలుకు హ్యారీ బెక్ 1931లో గీసి, 1933లో జనంలోకి వచ్చిన పటం దగ్గర నుంచి ఇలాంటివన్నీ కొలతలు వదిలేసి, వరుస మాత్రమే చూపిస్తాయి. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి అన్నంతవరకు వాటికి సాటి లేదు. కానీ లండన్‌లోనే లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ స్టేషనుకు దూరం దాదాపు 260 మీటర్లే. మెట్లు దిగి రైలు కోసం నిలబడే సమయంలో నడిచి చేరవచ్చు. మీ నగరంలోనూ ఇలాంటి జంటలు ఉండే ఉంటాయి. అసలు పటంతో ఒకసారి పోల్చుకుంటే రోజులో రెండు మూడు అనవసర ప్రయాణాలు తప్పుతాయి.

శుక్రవారమే తేల్చుకోవలసిన చిన్న పనులు మరికొన్ని. సెలవు రోజు చూసుకోండి: చాలా మ్యూజియాలు సోమవారం మూసి ఉంటాయి, కానీ అందరి పద్ధతీ అది కాదు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, తాజ్ మహల్‌కు శుక్రవారం సెలవు. శనివారం, ఆదివారం చివరి రైలు, చివరి బస్సు వేళలు వేరుగా ఉండవచ్చు. పట్టాల మరమ్మతులు కూడా చాలా నగరాల్లో వారాంతాల్లోనే పెట్టుకుంటారు. ఆ ప్రాంతపు పటాన్ని ఫోనులోకి ముందే దింపుకోండి. ఇంటర్నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఎందుకంటే మీ ఫోను దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను వినడం తప్ప వాటికి తిరిగి ఏమీ పంపదు. ఏ పేటకు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఒక్కరికైనా చెప్పి ఉంచండి.

ఇక రోజు సంగతి. పెందలాడే బయలుదేరండి. దుకాణాలు తలుపులు తీసే వేళకు అక్కడ ఉంటే పేట రెండు ముఖాలూ చూస్తారు, ఖాళీగా ఉన్నప్పటిదీ, నిండినప్పటిదీ.

స్టేషను నుంచి బయటకు రాగానే నడక మొదలుపెట్టవద్దు. గోడ పక్కన రెండు నిమిషాలు నిలబడండి. భూగర్భం నుంచి పైకి వచ్చిన మనిషికి దిక్కులు తారుమారవుతాయి, ఫోనుకూ అంతే. స్థానం కచ్చితంగా తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు కావాలి. ఎత్తయిన భవనాల మధ్య ఆ సంకేతాలు గోడలకు తగిలి తిరిగి వస్తాయి కాబట్టి తెర మీది నీలి చుక్క పక్క వీధిలో తేలుతుంది. బాణం గుర్తు చూసి పరుగెత్తేవాళ్లు ఎదురు దిక్కుకు పోయేది ఇక్కడే. వీధి పేరు పలక చదవండి, ఏ ద్వారం నుంచి బయటపడ్డారో గుర్తు పెట్టుకోండి, ఎత్తుగా కనబడేదేదో ఒకటి చూసుకోండి. గోపురమైనా, నీళ్ల ట్యాంకైనా, క్రేన్ అయినా సరే. ఆ తర్వాతే కదలండి.

మొదటి గంట ఫోను సంచిలో ఉండాలి. ఇది నేను గట్టిగా పట్టుబట్టే విషయం. తోరు ఇషికావా బృందం జపాన్‌లో జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఫోనులాంటి జీపీఎస్ పరికరం చూస్తూ నడిచారు, మరికొందరు కాగితపు పటంతో నడిచారు, ఇంకొందరికి ముందే ఒకసారి వెంట తీసుకెళ్లి దారి చూపించారు. జీపీఎస్ పట్టుకున్నవాళ్లు మిగతా రెండు జట్లకంటే ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు. స్వయంగా దారి చూసినవాళ్లతో పోలిస్తే దిక్కులు చెప్పడంలోనూ, తర్వాత పటం గీయడంలోనూ వెనకబడ్డారు. పరికరంలో లోపమేమీ లేదు. మలుపుమలుపుకూ అది చెబుతుంటే చుట్టూ చూడవలసిన పని మనకు ఉండదు, చూడనిది మనసుకు ఎక్కదు. మీరు వెళ్లేది చూడటానికే కదా.

ఫోను లేకుండా నడిచే పద్ధతి ఇది. ముందుగా ప్రధాన దారి పట్టుకుని ఒక అంచు దాకా, అంటే నదో, పెద్ద రోడ్డో, రైలు కట్టో అడ్డం వచ్చేదాకా తిన్నగా వెళ్లండి. మళ్లీ కూడలికి రండి. వెన్నెముక దొరికినట్టే. ఇక దానికి కుడి పక్క సందులు, ఎడమ పక్క సందులు ఒక్కొక్కటిగా చూసి వస్తూ ఉండండి. మలుపు తిరిగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి ఒక్క క్షణం చూడండి, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు కనబడే దృశ్యం అదే, వెళ్లేటప్పటిది కాదు. దారి మరిచిపోయేవాళ్లలో చాలామంది మరిచిపోయింది ఏమీ ఉండదు, ఆ వైపు నుంచి చూసి ఉండరు, అంతే.

ఇళ్ల నంబర్లు కూడా చదవండి. అవి ఎటు పెరుగుతున్నాయో, సరి బేసి సంఖ్యలు రెండు వైపులకు పంచారో లేదో గమనించండి. పారిస్‌లో 1805 నుంచి ఒక పద్ధతి ఉంది: సేన్ నదికి అడ్డంగా పోయే వీధుల్లో నంబర్లు నది దగ్గర మొదలై దూరం వెళ్లేకొద్దీ పెరుగుతాయి, నది వెంట పోయే వీధుల్లో ప్రవాహం సాగే వైపు పెరుగుతాయి. ఆ సంగతి తెలిసిన మనిషికి ఏ తలుపు దగ్గర నిలబడినా నది ఎటుందో తెలుస్తుంది. మీ నగరంలో ఇంత శుభ్రమైన పద్ధతి లేకపోవచ్చు, కానీ ఏదో ఒక పద్ధతి ఉంటుంది. దాన్ని మీరే కనిపెడితే కలిగే సంతోషం ఎవరో చెబితే కలగదు.

అయినా దారి తప్పితే? తప్పనివ్వండి. పట్టపగలు, అంచులు తెలిసిన పేటలో దారి తప్పడమంటే పది నిమిషాలు ఎక్కువ నడవడమే. ఎటో ఒకవైపు తిన్నగా వెళ్తే ఏదో ఒక అంచు తగులుతుంది. అడగాలనిపిస్తే కౌంటరు దగ్గర ఉన్నవాళ్లను, బస్సుస్టాపులో నిలబడ్డవాళ్లను అడగండి, వాళ్లు ఆ చోటు తెలిసినవాళ్లు అయ్యే అవకాశం ఎక్కువ. ‘స్టేషనుకు ఇదేనా దారి’ అని అడగవద్దు. మొహమాటం కొద్దీ చాలామంది అవునంటారు. ‘స్టేషను ఎటు’ అని అడిగితే చెయ్యి చూపించక తప్పదు. మొత్తం దారి చెప్పించుకోకుండా మొదటి రెండు మలుపులే తెలుసుకుని, అక్కడికి వెళ్లాక మరొకరిని అడగండి.

మధ్యాహ్నానికి మ్యూజియంలోకి వెళ్తే మొత్తం చూడాలన్న పట్టుదల వద్దు. బోస్టన్ లలితకళల మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే మ్యూజియంలో తిరిగేవాళ్లకు వచ్చే అలసట గురించి రాశారు. వస్తువులను చూడటానికి మనిషి ఎన్ని రకాలుగా వంగాలో, మెడ ఎంత చాచాలో ఫొటోలు తీసి మరీ చూపించారు. రెండు మూడు గదులు ఎంచుకోండి. బాగా నచ్చిన వస్తువు ముందు కూర్చునే బల్ల ఉంటే కూర్చోండి. వెంట ఎవరూ లేరు కాబట్టి ‘ఇక పోదామా’ అని తొందరపెట్టేవాళ్లూ ఉండరు. ఒంటరి ప్రయాణంలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇదే.

కాళ్ల విషయంలో ఒక్క మాట. మామూలుగా గంటకు 5 కిలోమీటర్లు నడిచే మనిషి కూడా చూస్తూ, ఆగుతూ నడిస్తే అందులో సగమే వెళ్తాడు, ఆ లెక్కనే పథకం వేసుకోండి. కొత్త చెప్పులు, కొత్త బూట్లు ఆ రోజు వద్దు. మడమ దగ్గర మంట మొదలవగానే ఆగి పట్టీ వేసుకోండి, బొబ్బ లేచాక వేసుకున్నా మిగతా రోజంతా కుంటక తప్పదు.

మూడో ప్రశ్న, నలుగురూ ఏమనుకుంటారని. ఈ సంకోచం వల్లే ఎందరో వారాంతాలన్నీ గదిలో గడిపేస్తున్నారు కాబట్టి దీన్ని తేలికగా కొట్టిపారేయను. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం ఒక ప్రయోగం చేసింది, ఫలితాలు 2000లో వచ్చాయి. వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న చొక్కా ఒకటి ఒక విద్యార్థికి తొడిగి, తోటివాళ్లున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించినవాళ్లు నాలుగో వంతు మందే. అంత కొట్టొచ్చినట్టు కనబడే చొక్కానే పట్టించుకోని జనం, ఒంటరిగా బల్ల మీద కూర్చున్న మనిషిని ఎంత పట్టించుకుంటారు? రెబెకా రాట్నర్, రెబెకా హామిల్టన్ 2015లో ప్రచురించిన అధ్యయనం మీకు ఇంకా దగ్గరిది. చిత్రకళా ప్రదర్శనకు ఒంటరిగా వెళ్తే పెద్దగా బాగుండదని జనం ముందు అనుకున్నారు, తీరా లోపలికి వెళ్లాక తోడుతో వెళ్లినవాళ్లతో దాదాపు సమానంగా ఆనందించారు. అడ్డు పడుతున్నది బయలుదేరక ముందటి ఊహే.

ఎక్కువమందికి ఒంటరిగా తినడం దగ్గర బెరుకు. రద్దీ వేళకు ఒక గంట ముందో వెనకో వెళ్లండి, వీధి కనబడే కిటికీ పక్కన కూర్చోండి. ఫోను బదులు చిన్న నోటుపుస్తకం తీసి, పొద్దుటి నుంచి చూసినవి రాసుకోండి. చేతికి పని ఉంటే బెరుకు దానంతటదే తగ్గుతుంది.

భద్రత గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా వదలను. వీధిని కాపాడేది మొదట అక్కడి మనుషుల కళ్లే అని నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో అన్నారు. దుకాణాల ముందు కూర్చున్నవాళ్లు, కిటికీల్లోంచి చూసేవాళ్లు, అటూ ఇటూ నడిచేవాళ్లు. ఆ కొలతతోనే వీధిని చూడండి. పొడవాటి గుడ్డి గోడలు, మూసిన షట్టర్లు వరుసగా ఉంటే పక్క వీధికి మారండి. ముఖ్యంగా ఆఫీసులు మాత్రమే ఉన్న ప్రాంతాలు, సోమవారం కిటకిటలాడేవి, శనివారం మధ్యాహ్నానికి నిర్మానుష్యంగా మారతాయి. వారాంతపు నడకకు అవి వద్దు. డబ్బు, కార్డులు రెండు చోట్ల పెట్టుకోండి. ఫోను ఛార్జి మూడో వంతుకు పడితే ఇక దాన్ని ఇంటికి చేరడం కోసమే దాచుకోండి. ఎక్కడున్నారో అప్పటికప్పుడు అందరికీ తెలిసేలా ఫొటోలు పెట్టవద్దు, ఇంటికొచ్చాక పెట్టండి. ఎవరైనా వెంట వస్తున్నట్టు అనిపిస్తే, అది నిజమో కాదో తేల్చుకునే దాకా ఆగకుండా జనం ఉన్న దుకాణంలోకి వెళ్లిపోండి, మర్యాద గురించి ఆలోచించవద్దు. భారతదేశంలోనూ యూరోపియన్ యూనియన్ దేశాల్లోనూ అత్యవసర నంబరు 112. మీరున్నది మరో దేశమైతే అక్కడి నంబరు బయలుదేరే ముందే తెలుసుకోండి. చీకటి పడేవేళకు తెలిసిన ప్రధాన దారిలో, స్టేషనుకు దగ్గరగా ఉండేలా మధ్యాహ్నం నుంచే అడుగులు అటు మళ్లించండి.

గదికి చేరాక పడుకునే ముందు ఒక పని చేయండి. తెల్ల కాగితం తీసుకుని, ఫోను చూడకుండా ఆ పేట పటం గీయండి. స్టేషను, ప్రధాన దారి, అంచులు, కూడలి, మీకు నచ్చిన మూడు నాలుగు చోట్లు. గీతలు వంకరపోయినా ఫర్వాలేదు, వరుస సరిగ్గా ఉంటే చాలు. తర్వాత అసలు పటంతో పోల్చండి. రెండు మూడు చోట్ల ఖాళీలు కనబడతాయి, ఒక వీధి ఎటు పోయిందో తెలియకుండా ఆగిపోయి ఉంటుంది. వచ్చే శనివారం అదే స్టేషనులో దిగి ఆ ఖాళీల నుంచి మొదలుపెట్టండి, అక్కడి నుంచి ఆనుకుని ఉన్న పక్క పేటలోకి నడిచి వెళ్లండి. కొట్టేసిన తొమ్మిది చోట్ల జాబితాను పారేయకుండా ఆ కాగితం వెనకే అంటించుకోండి, ఏ చోటు ఏ పేటలో వస్తుందో అప్పుడు సులువుగా తెలుస్తుంది.